ఎడమ కాలి దారం

నా చిన్నప్పుడు కుడి ఎడమలు నాకు బళ్ళో ఎవరూ నేర్పలేదు. మా మేనత్త నేర్పింది. చాప మీద పడుకోబెట్టిన ఇద్దరు చంటిపిల్లల కాళ్ళు చూపించి నేర్పింది. ఈ వయసులో కూడా ఎవరైనా ఎడమ పక్కకు తిరగమంటే ముందు నాకు ఒక చిన్న కాలు, దానికి కట్టిన నల్లదారం కనబడతాయి. రోడ్డు ఆ తర్వాత కనబడుతుంది.

అప్పుడు మేము దబీర్‌పురా స్టేషన్ వెనక ఒక గల్లీలో ఉండేవాళ్ళం. ఒకే వాకిలి, చుట్టూ చిన్న చిన్న పోర్షన్లు. రైలు పోయినప్పుడల్లా గూట్లో గిన్నెలు వణికేవి. ఇంటి యజమానురాలు ఒక ముసలావిడ. వాకిట్లో అందరం ఆమెను ఖాలా అనే పిలిచేవాళ్ళం. బాపు రైల్వేలో పట్టాల మీద పని చేసేవాడు. ఇంట్లో బాపు, అమ్మ, నేను, మేనత్త.

అత్త బాపుకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోతే తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. పిల్లలు లేరు. పొద్దంతా బీడీలు చుట్టేది. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పొగాకు. మాట్లాడుతూ చుట్టేది, తిడుతూ చుట్టేది. ఆమె చేతులు ఖాళీగా ఉండడం నేను ఎరగను. నోరు చెడ్డది. నల్లా దగ్గర లొల్లి మొదలైతే, ముందు మా అత్త ఎక్కడుందో చూసుకుని ఆ తర్వాతే గొంతు పెంచేవాళ్ళు. అయితే ఆమె మాటల్లో ఒక సంగతి నేను పెద్దయ్యాక గమనించాను. మా తమ్ముని ఇల్లు అనేది, మా తమ్ముని బిడ్డ అనేది, మరదలి గిన్నెలు అనేది. తనదంటూ ఏదీ ఆమె నోట వచ్చేది కాదు.

నా తర్వాత చాలా ఏళ్ళకు అమ్మ మళ్ళీ కడుపుతో ఉంది. కానుపుకు దవాఖానకు పోయిన మనిషి ఇద్దరితో తిరిగొచ్చింది. ఇద్దరూ ఆడపిల్లలు. చెవి తమ్మెలు, ముక్కు కొస, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు, ఎక్కడా తేడా లేదు. పుట్టుమచ్చ కోసం అత్త ఇద్దర్నీ గుమ్మంలో వెలుతురుకు పెట్టి, బోర్లించి, వెల్లకిలా తిప్పి, చంకలూ తొడలూ వెతికింది. ఒక్కటి దొరకలేదు.

చూడ్డానికి వచ్చిన ఎదురింటావిడ బుగ్గ నొక్కుకుని, “ఒక్క ఆడపిల్ల సాలదని ఇంక రెండా?” అంది.

అత్త చుట్టే బీడీ ఆపలేదు. “ఫికర్ చెయ్యకు వదినా, నీ ఇంటికి పంపియ్యం. నీ మొగుడు తెచ్చేది నీకే సరిపోతలేదు గదా,” అంది.

ఆవిడ చాయ్ కూడా తాగకుండా లేచి వెళ్ళింది.

అమ్మ అప్పటికే ఒంట్లో రక్తం లేని మనిషి. ఇద్దరికీ పాలు చాల్లేదు. మొదట పుట్టినది రొమ్ము పట్టుకుంది. రెండోది పట్టే బలం లేక నోరు తెరిచి అలాగే నిద్రపోయేది. ఒక మధ్యాహ్నం అమ్మ ఆ రెండోదాన్ని ఎత్తుకొచ్చి, అత్త ఒళ్ళో చాట పక్కకు జరిపి, అక్కడ పెట్టింది. “వదినా, ఇది నీది. నువ్వే సాదుకో. నాతోని ఇద్దరు దక్కరు,” అంది. చాట ఆ పొద్దంతా నేల మీదే ఉండిపోయింది. పొగాకు మీద ఈగలు వాలుతున్నా తోలలేదు.

అప్పటి నుంచి ఇంట్లో వాళ్ళ పేర్లు అవే అయ్యాయి. ఒకటి అమ్మ పిల్ల, ఒకటి అత్త పిల్ల. అమ్మ పిల్ల తల్లిపాలు తాగేది. అత్త పిల్ల సీసాతో డబ్బాపాలు తాగేది. అత్త భాషలోకి కూడా ఒక కొత్త మాట వచ్చింది. “నాది తుమ్మింది.” “నాదానికి ఎండ తగులుతున్నది, జరుగు.” “నాది నిన్న నన్ను సూసి నవ్వింది. గ్యాసు కాదు, నవ్వే.” అంతకు ముందు ఎవరితో ఏం మాట్లాడినా కసురుకున్నట్టుండే గొంతు, నాది అనేటప్పుడు మాత్రం కొంచెం తగ్గేది.

కానీ ఏది ఎవరిదో చెప్పడం ఎవరి వల్లా కాలేదు. అమ్మ మాత్రం, “కన్నదానికి తెల్వదా?” అనేది. ఆ మాట అన్న వారంలోనే ఒకదానికి రెండుసార్లు పాలు పట్టారు. అమ్మ ఒకసారి, అత్త ఒకసారి. ఇంకోటి ఆకలికి ఏడ్చి ఏడ్చి నీలంగా అయింది. ఖాలా కర్ర పట్టుకుని వాకిలి దాటి వచ్చి ఇద్దరి పొట్టలూ తట్టి చూసింది.

“అరే, ఏక్ కా పేట్ ఢోల్ హో గయా, దూసరీ సూఖ్ రై! నిషాన్ లగావ్ బీబీ, నిషాన్!” అంది. ఒకదాని పొట్ట డోలయింది, ఇంకోటి ఎండుతోంది, ఏదన్నా గుర్తు పెట్టుకోండని.

అమ్మ దిష్టిచుక్కలు పెట్టి చూసింది. ఒకదానికి ఒక బుగ్గన, ఇంకోదానికి ఇంకో బుగ్గన. ఇద్దరూ ఒకరి మొహంలో ఒకరు మొహం పెట్టి పడుకునేవాళ్ళు. లేచేసరికి నాలుగు బుగ్గలూ నల్లగా ఉండేవి. బాపు ఒకదానికి ఎర్ర మొలతాడు, ఒకదానికి నల్లది కడదామన్నాడు. అత్త ఇంతెత్తున లేచింది. కవలలకు ఏది పెట్టినా ఒకే తీరుగా పెట్టాలని మా ఇంట్లో పట్టింపు. ఒకరికి ఉండి ఒకరికి లేకపోయినా, రంగు తేడా వచ్చినా, తక్కువైన బిడ్డ అలిగి వెళ్ళిపోతుందని మా నానమ్మ కాలం నుంచి వచ్చిన మాట. చివరికి ఉపాయం అత్తే చెప్పింది. ఒకే ఉండలోంచి తెంపిన నల్లదారం పేని, ఇద్దరి కాళ్ళకూ ఒకే ముడితో కట్టింది. అమ్మ పిల్లకు కుడి కాలికి, తన పిల్లకు ఎడమ కాలికి. తక్కువ లేదు, ఎక్కువ లేదు, అలగడానికి ఏమీ లేదు.

పిల్లల్ని చూసుకోవడం నా వంతు కూడా కాబట్టి నన్ను పిలిచి చెప్పింది. “అన్నం తినే చెయ్యి దిక్కు కాలుకుంటే అమ్మ పిల్ల. ఇంకో దిక్కు నాది. ఎర్కేనా?”

ఎరుకే అనుకున్నాను. మర్నాడు బడి నుంచి రాగానే సీసా తీసుకుని వెళ్ళి అమ్మ పిల్ల నోట్లో పెట్టాను. వాళ్ళకు ఎదురుగా నిలబడి, నా అన్నం చేతి వైపు ఏ కాలు ఉందో చూసుకున్నాను మరి. అత్త వచ్చి నెత్తిన ఒక్కటి పెట్టింది. తర్వాత నా భుజం పట్టుకుని ఆ చాప మీదే, పిల్ల పక్కన వెల్లకిలా పడుకోబెట్టింది.

“ఎదురుంగ నిలబడి సూస్తే అంత ఉల్టానే కనబడ్తది. దాని పక్కన పండుకో. అది సూసినట్టే పైకి సూడు. ఇప్పుడు చెప్పు, నీ ఎడమ కాలేది, దాని ఎడమ కాలేది?”

పైన దూలాలు, రేకుల సందులోంచి పడే వెలుతురు కనబడ్డాయి. పిల్ల కాలు నా మోకాలికి తగులుతోంది. నా ఎడమ, దాని ఎడమ ఒకే వైపు ఉన్నాయి. ఇంత సులువా అనిపించింది. ఆ తర్వాత నాకు ఎప్పుడూ తడబాటు రాలేదు.

ఆ వానాకాలం నల్లాలో బురదరంగు నీళ్ళు వచ్చాయి. గుడ్డ కట్టి వడగట్టుకుని అవే తాగాం. ముందు గల్లీ చివరి ఇంట్లో, తర్వాత మా వాకిట్లో, పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మా ఇంట్లో ఇద్దరికీ ఒక్కసారే పట్టుకుంది. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట చెప్పారు. “పాలు బంద్ చెయ్యుండ్రి. పాలు పోసినకొద్దీ పారుతది.” చెప్పినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ పిల్లలకు కూడా అదే చేశారు. అమ్మ రొమ్ము ఇవ్వడం ఆపింది, అత్త సీసా కడిగి గూట్లో బోర్లించింది. ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి చెంచాతో చక్కెరనీళ్ళు పోశారు. తాగినవి తాగినట్టే పోయాయి.

ఇద్దర్నీ ఒకే చాప మీద వేసి అమ్మా అత్తా వంతులవారీగా గుడ్డలు మార్చారు. ఎవరి చేతికి ఏది వస్తే దాన్ని తుడిచారు. తడిసిన గుడ్డలు మూలన కుప్పగా పడుతున్నాయి. మూడో పూటకు పిల్లల ఏడుపు తగ్గింది. తగ్గుముఖం పట్టిందనుకుని అమ్మ కాసేపు గోడకు ఒరిగి కునుకు తీసింది కూడా. ఆ పిల్లల ఒళ్ళు చిక్కిపోతున్న తీరు మాత్రం నేను చెప్పలేను. నిన్నటి దాకా మడతలు పడ్డ తొడల మీద చర్మం వేలాడింది. చీలమండలు కోడిపిల్ల కాళ్ళలా అయ్యాయి.

బాపు డ్యూటీ మీద లైను వెంట పోయి ఉన్నాడు. పొద్దున ఖాలా చూడ్డానికి వచ్చింది. ఒకదాని మాడు మీద వేలు పెట్టింది. అక్కడ గుంట పడి ఉంది. ఆమె చేతిలో కర్ర జారిపోయింది.

“అభీ లేకే జావ్! అభీ!” ఇప్పుడే దవాఖానకు తీసుకుపొమ్మని అరుస్తూ, తనే గల్లీలోకి పోయి రిక్షా తెచ్చింది.

అమ్మ ఒకదాన్ని ఎత్తుకుంది, అత్త ఒకదాన్ని ఎత్తుకుంది. కాళ్ళు ఎవరూ చూడలేదు.

సైకిల్ రిక్షాలో వాళ్ళిద్దరూ పైన కూర్చున్నారు. నేను కింద, వాళ్ళ మోకాళ్ళ మధ్య ఇరుక్కున్నాను. మూసీ అవతలి పెద్ద దవాఖానకు పోవాలి. రోడ్డు మీద నీళ్ళు నిలిచి రిక్షా అతను అక్కడక్కడా దిగి తోస్తున్నాడు. అత్త ఒళ్ళోని పిల్ల కాళ్ళు గుడ్డలోంచి జారి నా చెంపకు తగులుతున్నాయి. వంతెన ఎక్కేముందు ఆ కాళ్ళు చల్లగా ఉన్నాయనిపించింది. వానకు అనుకుని అరచేతుల్లోకి తీసుకున్నాను. కుడికాలు చూశాను, ఎడమకాలు చూశాను. దేనికీ దారం లేదు. కాళ్ళు అంత సన్నబడితే దారాలు వాటంతటవే జారిపోతాయని అప్పుడు నాకు తట్టలేదు. తలెత్తి అత్తను చూశాను.

అత్త నన్నే చూస్తోంది. ఆమెకు నాకంటే ముందే తెలుసు. దారం సంగతి కాదు, కాళ్ళు చల్లబడిన సంగతి. ఒక చేత్తో కొంగు లాగి పిల్ల మొహం మీద కప్పింది. ఇంకో చెయ్యి నా నెత్తిన పెట్టి గట్టిగా అదిమింది. అరవొద్దని.

అమ్మ తన ఒళ్ళోని పిల్ల మీద వంగి పేరు పేరునా దేవుళ్ళను పిలుస్తోంది. రిక్షా అతను వెనక్కి తిరిగి అత్త మొహం చూసి తొక్కడం ఆపాడు. “క్యా హువా అమ్మా?” అన్నాడు.

“కుచ్ నై. ఆపకు భాయ్,” అంది అత్త. “జల్ది పోనియ్యి.”

దవాఖాన దగ్గర దిగగానే అమ్మ అత్త వైపు చేయి చాచింది. అత్త వెనక్కి జరిగింది. “నీదాన్ని మొదలు తీస్కపో. ఇది పండుకున్నది,” అంది. అమ్మ లోపలికి పరుగెత్తింది.

మేమిద్దరం వరండాలో గోడ పక్కన కూర్చున్నాం. మనుషులు మమ్మల్ని దాటుకుంటూ పోతున్నారు. అత్త గుడ్డ పక్కకు తీసి పిల్ల కాళ్ళు చూసింది. ముందు ఒకటి, తర్వాత ఒకటి. వేలితో చీలమండ చుట్టూ తడిమింది, దారం చర్మం మడతలో ఎక్కడైనా ఇరుక్కుందేమోనని. ఏమీ లేదు. మళ్ళీ కప్పేసి, ఒళ్ళో సర్దుకుని, బీడీల చాట ముందు కూర్చున్నట్టే కూర్చుంది. చేతులు మాత్రం కదలలేదు. ఖాళీ చేతులతో ఆమెను చూడడం నాకు అదే మొదలు.

చాలాసేపటికి అమ్మ బయటకు వచ్చింది. మొహంలో కొంచెం ప్రాణం వచ్చి ఉంది. “వదినా, దానికి సెలైన్ ఎక్కిచ్చిన్రు. కన్ను తెరిచింది. దీన్ని గూడ తీస్కరమ్మంటున్నరు, లే,” అంది.

అత్త లేవలేదు. అమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తర్వాత మోకాళ్ళ మీద కూలబడి గుడ్డ లాగింది. మొహం కంటే ముందు కాళ్ళు చూసింది. రెండు కాళ్ళూ రెండు చేతుల్లో పట్టుకుని, “దారమేది?” అంది. “దారమేది వదినా? లోపలున్నదానికి గూడ లేదు. ఇంట్లనే జారిపోయినయేమో అనుకున్న. ఇది ఎవరిది? నాదా? నీదా?”

లోపల్నుంచి ఒక నర్సు తలుపు దగ్గరికి వచ్చింది. “ఆ పిల్ల తల్లెవరమ్మా? సూది కదలకుండ పట్టుకోవాలె, లోపలికి రా!” అని కేక వేసింది.

అమ్మ కదల్లేదు. “ఎవరిదో తెల్వకుండ లోపలికి పోయి ఏమని పిలువాలె దాన్ని? నాదే పోయిందా? నా రొమ్ముల పాలుండంగ ఎండబెట్టి సంపిన్నా? సెప్పు వదినా. సెప్పేదాక నేను పోను,” అని నేలను చరుస్తోంది. ఆ కళ్ళు నాకు తెలిసిన అమ్మ కళ్ళు కావు. నర్సు మళ్ళీ కేక వేసింది. “తల్లెవరు? చేతులు గుంజుతున్నది పిల్ల, సూది ఊడితే మళ్ల నరం దొరకదు!”

అత్త నోరు తెరిచింది. “నాది,” అంది.

అమ్మ ఆగింది.

“పోయింది నాది. లోపలున్నది నీది. లే.”

“నీకెట్ల తెలుసు?”

“పొద్దుగాల నాదాన్నే ఎత్తుకున్న. ఎడమ కాలికి దారం ఉండె. రిక్షాల జారిపాయె. నా మాట నమ్మకుంటే నీ బిడ్డనే అడుగు. దీని మొకం కాడనే ఉండె కాలు.”

అమ్మ నా వైపు తిరిగింది. “ఉండెనా బిడ్డా?”

అత్త నా వైపు చూడలేదు. ఎదుటి గోడను చూస్తోంది. చూసి ఉంటే నేను ఏడ్చేదాన్నేమో. నాకు గుర్తున్నంత వరకు నేను ఏమీ ఆలోచించలేదు. “ఉండె,” అన్నాను. “ఎడమ కాలికి.”

అమ్మ లేచింది. గోడ పట్టుకుని రెండడుగులు వేసి, తర్వాత పరుగెత్తింది. తలుపు దగ్గర నర్సుతో, “నేనే తల్లిని. నాదే,” అనడం వినబడింది.

తర్వాత నేను పత్రికలో చేరి, చూడనిది చూశామని రాయకూడదన్న నియమం మీదే నా ఉద్యోగమంతా చేశాను. కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు అదే చెప్పాను. ఆ వరండాలో చెప్పిన మాటను ఆ నియమం కింద ఎక్కడ సర్దాలో నాకు ఇప్పటికీ తెలియదు. సర్దాలని ప్రయత్నించడం కూడా మానేశాను.

మధ్యాహ్నానికి బాపు వచ్చాడు. చంటిపిల్లలను మాలో పూడ్చిపెడతారు, ఆడవాళ్ళు వెంట వెళ్ళరు. బాపు, పక్క పోర్షన్ అన్న కలిసి ఫలక్‌నుమా వైపు తీసుకువెళ్ళడానికి సిద్ధమయ్యారు. బాపు చేతులు చాస్తే అత్త వెంటనే ఇవ్వలేదు. కొంగు పళ్ళతో కొరికి రెండు ముక్కలు చింపింది. “మట్టి తడి ఉంటది. మొదలు ఇది పర్వు, మీదికెల్లి ఇంకొకటి కప్పు. మొకం మీద మాత్రం మట్టి నువ్వెయ్యకు, నీ చేతులు మోటుగున్నయ్,” అంది. బాపు తలూపాడు. గేటు దాటే దాకా అత్త చిరిగిన కొంగు భుజాన వేసుకుని అలాగే నిలబడింది.

అమ్మను దవాఖానలో ఉంచి, అత్తా నేనూ ఇంటికి వచ్చాం. అత్త గుడ్డల కుప్ప ముందేసుకుని నల్లా దగ్గర కూర్చుంది. నేను నీళ్ళు పోస్తున్నాను. ఒక గుడ్డ విదిలిస్తే అందులోంచి చిన్న నల్ల ఉంగరం లాంటిది రాలింది. ఇంకో గుడ్డ అంచుకు ఇంకోటి అంటుకుని ఉంది. ముడులు చెక్కుచెదరలేదు. అత్త రెంటినీ అరచేతిలో పెట్టుకుంది. ఒకే ఉండలోని దారం, ఒకే ముడి. కాలికి ఉంటేనే అవి కుడీ ఎడమా. చేతిలో పెట్టుకుంటే రెండూ ఒకటే.

నేను ఉండబట్టలేక అడిగాను. “అత్తా, రిక్షాల దారం లేకుండె గదా. పోయింది నీదని ఎట్ల తెలిసింది?”

“తెలిసిందని నేను అన్ననా?” అంది అత్త. గొంతు మామూలుగానే ఉంది, కసురుకున్నట్టు. “నాకేం తెల్వదు. ఎవ్వరికి తెల్వదు.”

“మరి?”

కాసేపు గుడ్డ పిండింది. “మీ అమ్మ పక్కన పండుకొని సూడు,” అంది. “ఇద్దరు తల్లులున్నరు, ఒక్క పిల్ల సచ్చిపోయింది. దాన్ని ఎవరో ఒకరు నాది అనాలె గదా. మీ అమ్మ నాది అంటే, లోపలున్నది గూడ సచ్చిపోతుండె.” తర్వాత ఆ దారాలను పొయ్యిలో వేసింది. అవి కాలడానికి ఎంతోసేపు పట్టలేదు. “గీ ముచ్చట ఇంక మాట్లాడకు,” అంది. నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

బతికిన పిల్ల కొన్నాళ్ళకు ఇంటికి వచ్చింది. అమ్మ రొమ్ము ఇవ్వబోతే మొహం తిప్పుకుంది. మళ్ళీ మళ్ళీ తిప్పుకుంది. అమ్మ భయంగా అత్త వైపు చూసింది. అత్త దూరం నుంచే, బీడీ చుడుతూనే, “జ్వరం నోరు, చేదుగుంటది. రెండు సుక్కలు పెదవుల మీద పిండు, పడ్తది,” అంది. అత్త చెప్పినట్టే చేస్తే రెండు మూడు రోజులకు పట్టింది. జ్వరం వల్ల కావచ్చు. సీసాకు అలవాటు పడ్డ నోరు కావడం వల్ల కావచ్చు. రెండు విధాలుగానూ అనుకోవచ్చు. గూట్లో బోర్లించిన సీసా ఆ తర్వాత నాకు కనబడలేదు. పిల్ల ఏడ్చినప్పుడల్లా అత్త చాట తీసుకుని వాకిలి అవతలకు, ఖాలా అరుగు మీదకు వెళ్ళి కూర్చునేది. “నాది” అన్న మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు. మా తమ్ముని ఇల్లు, మా తమ్ముని బిడ్డలు.

ఒక్క రోజు తప్ప. ఏటా పెత్రమాస నాడు పోయిన పెద్దల పేర బాపు బియ్యం ఇచ్చి వచ్చేవాడు. చంటిపిల్లలకు అవేవీ లేవు. అత్త మాత్రం ఆ మధ్యాహ్నం చిన్న గిన్నెలో పాలు పోసి, చక్కెర వేసి, గోడ మీద పెట్టి, “నాదానికి” అని గొణిగేది. పిల్లి తాగేది. తాగినా ఏమనేది కాదు.

మా చెల్లె పెరిగి పెద్దదైంది, బిడ్డల తల్లి అయింది. అత్తను అత్తా అనే పిలిచింది. చివరి రోజుల్లో మంచం మీద ఉన్న అత్తకు నోట్లో చెంచాతో పాలు పోసింది కూడా మా చెల్లే. ఒకసారి అత్త ఆమె ఎడమ పాదాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు పట్టుకుంది. “ఏంది అత్తా, చీమ కుట్టిందా?” అని చెల్లె నవ్వింది. అత్త కూడా నవ్వి వదిలేసింది. నేను తలుపు దగ్గర ఉన్నాను. అత్త నా వైపు చూడలేదు.

చెల్లెకు మనవరాలు పుట్టినప్పుడు కాలికి నల్లదారం కడుతూ అడిగింది. “అక్కా, నాకు ఏ కాలికి కట్టేది అత్త?”

“కుడి కాలికి,” అన్నాను. కుడి కాలికే కట్టింది.

అమ్మ పోయింది, బాపు పోయాడు, ఆ గల్లీలో ఇప్పుడు మాకు తెలిసినవాళ్ళు లేరు. పెత్రమాస నాడు నేను చిన్న గిన్నెలో పాలు పోసి చక్కెర వేసి బాల్కనీ గోడ మీద పెడతాను. పోయింది అమ్మ పిల్లో అత్త పిల్లో నాకు తెలియదు కాబట్టి ఏ పేరూ పలకను. రెండు నిమిషాలు అక్కడే నిలబడి, ఆ చాప మీద పడుకున్నట్టే పైకి చూస్తాను. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, “నాదానికి” అంటాను.